తల దగ్గరి తాడు

1926 జనవరి 4, సోమవారం

పీతపిల్లా,

అమ్మని. బొగ్గుల కొట్టాయన కొత్త సంవత్సరానికి ఈ డైరీ ఇచ్చాడు. ప్రతి ఏడూ ఇస్తాడు, ప్రతి ఏడూ చింపి పొయ్యి రాజేస్తాను. ఈసారి చింపబుద్ధి కాలేదు. పోయిన సెలవుకి వచ్చినప్పుడు అన్నావు కదా, అమ్మా నీకు తోచింది రాస్తూ ఉండు, తప్పులు దిద్దేవాళ్లెవరూ లేరు అని. నాలుగో తరగతిలో బడి మానేసి చేపల పీపాల దగ్గర నిలబడ్డదాన్ని. దిద్దేవాళ్లే కాదు, నవ్వేవాళ్లు కూడా లేరిప్పుడు.

ముప్పై అయిదేళ్లవాణ్ని, ఒక జిల్లాని ఏలిన ఆఫీసరుని, పీతపిల్లా అని పిలుస్తారా అంటే నేను పిలుస్తాను. పాకడం నేర్చినప్పుడు ముందుకి కాకుండా పక్కకి పాకేవాడివి. ఆ పేరు పెట్టింది మీ నాన్న. ఆయనకి గుర్తు లేనట్టే ఉంటాడు.

టెలిగ్రామ్ నవంబరులో వచ్చింది. జ్వరం అని రాశారు. మలయాలో, కువాలా సెరాయ్‌లో, నువ్వు పనిచేసే నది ఒడ్డు ఊళ్లోనే. నువ్వు పోయిన రోజే పాతిపెట్టారట. ఆ ఎండలకి ఆగకూడదట. అంతకుమించి అందులో ఒక్క ముక్క లేదు.

జనవరి 5

మీ నాన్న సముద్రం మీద ఉన్నాడు. అయినా టీ రెండు కప్పుల్లో పోశాను.

జనవరి 19

పొద్దుటి నుంచి గాలాలకి ఎర గుచ్చుతూనే ఉన్నాను. ఆల్చిప్పలు మంచుగడ్డల్లా ఉన్నాయి. వేళ్లు చీరుకుపోయాయి. నీ చిన్నప్పుడు నా పక్కన కూర్చుని చిప్పలు విప్పి ఇచ్చేవాడివి. ఒక చేతిలో చిప్ప, ఒళ్లో పుస్తకం. బెల్లా పిన్ని చూసి, వీడు చేపలకి కూడా పాఠాలు చెప్పేట్టున్నాడక్కా అనేది.

మాస్టారు ఇంటికొచ్చి నీకు స్కాలర్‌షిప్ వచ్చిందన్న రోజు మీ నాన్న వల బాగుచేస్తూ తల ఎత్తలేదు. బోటుకి మనిషి కావాలి అన్నాడు. మాస్టారు, గిబ్బీ, నీ కొడుకు ఈ రేవుకి పట్టడయ్యా అన్నాడు. అప్పుడు మీ నాన్న వల పక్కన పెట్టి, అయితే పట్టేచోటికి పొమ్మను అన్నాడు. అదే ఒప్పుకోవడం. ఆబర్డీన్‌లో చదువు, లండన్‌లో పరీక్ష, ఆ తరవాత ఓడ. ఓడ ఎక్కేముందు నీ తెల్ల టోపీ చూసి ఊరు ఊరంతా నవ్వింది. గిన్నె బోర్లించుకున్నట్టుందని.

అక్కడ నువ్వు గేదెల తగాదాలు తీర్చేవాడివనీ, పొలాలు కొలిపించేవాడివనీ, నది మీద పడవలో ఊరూరా తిరిగి పన్ను వసూలు చేసేవాడివనీ రాసేవాడివి. పడవ నువ్వే తోలితే అక్కడివాళ్లు నోరు తెరిచారని రాశావు. అది చదివి వినిపిస్తే మీ నాన్న పైపు నోట్లోంచి తీసి, వాడికి వచ్చింది పాఠాలు మాత్రమే కాదన్నమాట అన్నాడు. ఆ కాగితం మళ్లీ చదవమన్నాడు.

సాయంత్రాలు మాట్లాడేవాళ్లు లేరని ఒక్కసారే రాశావు. మొదటి ఏడాది. తరవాత ఆ మాట ఎప్పుడూ రాయలేదు. అలవాటు పడ్డావనుకున్నాను.

ఫిబ్రవరి 3

గాలి. బోట్లు కదల్లేదు. ఇంట్లో ఇద్దరమే. ఆయన ఆ కుర్చీలో, నేను ఈ కుర్చీలో. నీ మాట ఎత్తితే ఆయన లేచి బయటికి వెళ్లిపోతాడు. అందుకని ఎత్తను. ఎత్తకపోయినా వెళ్లిపోయాడు.

ఫిబ్రవరి 17, బుధవారం

మీ నాన్న మేనమామ వాటీ ముసలాయన పోయాడు. ఇవాళ సాగనంపారు.

ఎప్పటిలాగే ఆడవాళ్లం ఇంట్లో ఉండిపోయాం. మాంసం ముక్కలు కోయడం, కేకు కోయడం, కెటిల్ దించకుండా ఉంచడం. ఈ ఊళ్లో ఆడది సమాధి దాకా వెళ్లదు. మా అమ్మని తీసుకెళ్లినప్పుడు నేను ఇదే కిటికీలోంచి కొండ మలుపు దాకా చూశాను, అంతే. బెల్లా మాత్రం ఊరుకోదుగా. బతికినన్నాళ్లూ ఎనిమిదిమందిని తిప్పలు పెట్టాడు, పోయేటప్పుడూ ఎనిమిదిమంది కావలసి వచ్చిందక్కా అంది. వాటీ పెళ్లాం ఏడుపులోంచే ఫక్కున నవ్వింది.

శవపెట్టెకి ఎనిమిది తాళ్లు. ఎవరికి ఏ తాడో ముందురోజే కబురు వెళుతుంది. ఏ బంధువు ఎంత దగ్గరో ఆ తాడు చెబుతుంది. అన్నిటికన్నా పెద్దది తల దగ్గరి తాడు. అది పెద్దబిడ్డది. బిడ్డల్లేకుండా పోయినవాడికైతే తండ్రిది. నెమ్మదిగా దించి, చివర్న తాడు కొస గోతిలోకి వదిలేస్తారు. తల దగ్గరిది అందరికన్నా ఆఖరున వదలాలి. ఇదంతా మన చంటిపిల్లలకి కూడా తెలుసు. నేనెందుకు రాస్తున్నానో రేపు రాస్తాను.

ఫిబ్రవరి 18

నిన్న ఆయన తిరిగొచ్చి బూట్ల మట్టి గీకుతూ కూర్చున్నాడు. మట్టంతా రాలిపోయినా గీకుతూనే ఉన్నాడు. అప్పుడు మాట్లాడాడు. నువ్వు పోయాక నీ గురించి అదే మొదటి మాట.

ఏమే, వాడికి తల దగ్గర ఎవడు పట్టాడు? అన్నాడు.

నేను కడుగుతున్న కప్పు పక్కన పెట్టాను.

అది నా తాడే. పెళ్లీ బిడ్డలూ లేనివాడు, వాడి తాడు నాది. ముక్కూ మొహం తెలియనివాడెవడో పట్టుకుని ఉంటాడు. లేకపోతే అసలు తాళ్లే లేవేమో. గోనెమూట దించినట్టు దించేశారేమో.

అని బూట్లు అక్కడే వదిలేసి ఒట్టి మేజోళ్లతో వాకిట్లోకి వెళ్లి మంచులో నిలబడ్డాడు. నీమీద కోపం అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. కాదు నాన్నా. ఆయన చేతులు అక్కడ లేకపోయాయి. ఆ చేతులు ఏం చేసుకోవాలో ఆయనకి తెలియడం లేదు.

మార్చి 9

బెల్లా వచ్చింది. ఉట్టినే రాదు కదా. టీ తాగి, నా బిస్కట్లు పిండి ఎక్కువైందని చెప్పి, అసలు సంగతికొచ్చింది. బావగారూ, మీ తరవాత తల తాడు మా డూగల్ పడతాడు, మీకేం బెంగ అక్కర్లేదు, తమ్ముడి కొడుకంటే కొడుకే కదా అంది.

మీ నాన్న పైపు దులిపాడు. నేనింకా చావలేదు బెల్లా, నీకంత తొందరగా ఉంటే ముందు నువ్వెళ్లు, నీ తాడు నేను పడతా అన్నాడు.

బెల్లా నవ్వింది కానీ చెవులు ఎర్రబడ్డాయి. ఇంటాయన తాడు ఊరికే వేలాడితే నలుగురూ ఏమనుకుంటారు అంది గుమ్మంలో నిలబడి.

వేలాడనీ అన్నాడు.

మార్చి 28

కార్డు వచ్చింది. థర్స్‌బీ అని ఒక అబ్బాయి. నీ దగ్గర అసిస్టెంటుగా చేరి అప్పటికి రెండు నెలలేనట. ఒంట్లో బాగాలేక సెలవు మీద ఇంగ్లండ్ వచ్చాడట. మమ్మల్ని చూడడానికి వస్తానంటున్నాడు. ఆఖరి రోజున తాను అక్కడే ఉన్నానని రాశాడు.

మీ నాన్న కార్డు తీసుకుని బోటు దగ్గరికి పట్టుకుపోయాడు. సాయంత్రం దాకా తేలేదు.

ఏప్రిల్ 22

గోడలకి సున్నం వేశాను. నీ ఫొటో తుడిచాను. మీ నాన్న చర్చి కోటు ఎండలో వేశాను, ఎండంటే ఎండా కాదు. పొగబెట్టిన చేప ఒకటి మంచిది పక్కన పెట్టాను. ఇంగ్లీషు దొరబిడ్డ తింటాడో లేదో.

ఏప్రిల్ 23, శుక్రవారం

తిన్నాడు. రెండుసార్లు పెట్టించుకున్నాడు.

కుర్రవాడే. ఇరవై నాలుగు ఉంటాయేమో. మొహం పసుపు రాసినట్టుంది, ఆ జ్వరానికట. నన్ను అమ్మగారూ అన్నాడు. నీ కుర్చీలోనే కూర్చున్నాడు, తెలియక. మీ నాన్న ఏమీ అనలేదు. కోటు గుండీలన్నీ పెట్టుకుని గోడకి ఆనుకుని ఉన్నాడు.

నీ గురించి బాగా చెప్పాడు. నీకు కోపం రావడం తాను చూడలేదట. కచేరీ పని అయ్యాక నది దగ్గరికి పోయి బెస్తవాళ్లతో కలిసి వల అల్లేవాడివట. పైఆఫీసర్లు దానికి నవ్వుకునేవారట. మీ నాన్న నేల చూస్తూనే, ఏ ముడి వేసేవాడు అన్నాడు. ఆ అబ్బాయికి ముళ్ల సంగతి ఏం తెలుసు. ఏమోనండీ అన్నాడు పాపం.

తరవాత మీ నాన్న అడిగాడు. ఎలా దించారు?

తాళ్లతోనండీ అన్నాడు ఆ అబ్బాయి. మా వైపు ఆ పని చేయడానికి కూలిమనుషులుంటారు, మేం పక్కన నిలబడతాం, అంతే. మీ అబ్బాయి ఆర్చీ గారు జ్వరంలో ఉండగానే హెడ్ క్లర్కు ఆరుముగాన్ని పిలిచి, ఎనిమిదిమంది కావాలి అని, ఎవరు ఎక్కడ నిలబడాలో ఒక్కొక్కరి పేరూ చెప్పారు. కొబ్బరిపీచుతో తాళ్లు ఆయనే పేనుకుని ఎప్పటినుంచో ఉంచుకున్నారు. జ్వరంలో పలవరింత అనుకున్నాను నేనైతే. ఆరుముగం మాత్రం కోర్టు తీర్పులా పట్టుకున్నాడు. నన్ను కూడా కదలనివ్వలేదు.

మీ నాన్న గోడ వదిలి ముందుకొచ్చాడు. ఎవరెవరు?

చెప్పాడు. పాదాల దగ్గర తాను. ఆ పైన చీనా కొట్టు ముసలాయన. సిక్కు జమాదారు. పడవ సరంగు. ఊరి పెద్ద. ఆరుముగం. నీ వంటావిడ తమ్ముడు. ఏడుగురు.

తల దగ్గర? అన్నాడు మీ నాన్న.

ఆ అబ్బాయి కొంచెం నవ్వాడు. వెక్కిరింపు కాదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ వింతగా ఉంటుందండీ, తల దగ్గర వంటావిడ కూతుర్ని నిలబెట్టారు, ఏడేళ్ల పిల్ల అన్నాడు. నేను వద్దన్నానండీ. ఆడపిల్ల, చిన్నది, తాడు జారితే ఎలా, నేను పడతాను అన్నాను. ఆరుముగం, కాదు సార్, ఆ తాడు ఈ పిల్లదే అని దొర మూడుసార్లు చెప్పారు అన్నాడు. జ్వరంలో మనిషికి ఏం తోస్తుందో ఎవరికి తెలుసు. పాపం ఆ పిల్ల మాత్రం బాగానే పట్టింది. అందరం తాడు వదిలేశాం. ఆ పిల్ల వదల్లేదు. అలాగే పట్టుకుని నిలబడింది. చివరికి వాళ్లమ్మ వచ్చి ఒక్కొక్క వేలూ విప్పాల్సి వచ్చింది.

కెటిల్ ఉడుకుతోంది. నేను దించలేదు. మీ నాన్న నన్ను చూశాడు. నేను ఆయన్ని చూశాను. ఆ అబ్బాయి బిస్కట్ తీసుకున్నాడు. వాడికి తెలియదు. ఇంగ్లీషువాడు. వాడు ఏం చెప్పాడో వాడికే తెలియదు.

మీ నాన్న టోపీ పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. తలుపు వెయ్యలేదు.

అదే రోజు, సాయంత్రం

ఆ అబ్బాయిని బస్సు దాకా దిగబెట్టాను. తలకి శాలువా కూడా వేసుకోలేదు. ఎదురుగాలి.

బాబూ, ఆ పిల్ల ఎంత ఎత్తుంటుంది అన్నాను.

వాడు చెయ్యి నడుము పైన పెట్టి చూపించాడు. అప్పుడు నా మొహం చూశాడు. ఏం కనిపించిందో. వాడి పసుపు మొహం ఎర్రబడింది. అమ్మగారూ, నాకు, నేను, అని ఆగిపోయాడు. నాకు తెలియదండీ, ప్రమాణం చేసి చెబుతున్నాను, అక్కడ ఎవరూ అనరు ఆ మాట, అలాంటివి పైవాళ్లకి తెలిస్తే ఉద్యోగం ఉండదు, పేరు కూడా పోతుంది అన్నాడు.

మా ఊళ్లో తల దగ్గరి తాడు ఎవరిదో నీకు తెలియదు కదూ అన్నాను. చెప్పాను. రోడ్డు మీద నిలబడి విన్నాడు. టోపీ తీసేశాడు.

పేరేంటి అన్నాను. మెలోర్ అట. వాళ్లమ్మ మెరియం. మెరియం తల్లి పేరే పిల్లకి పెట్టారట. మల్లెపూవు అని అర్థమట. నేను మల్లెపూవు చూడలేదు. మొదటి ఆడపిల్లకి తల్లి తల్లి పేరు పెట్టాలి, మన వరస అదే. అక్కడ కూడా వరస తప్పలేదు నువ్వు.

ఇప్పుడెక్కడున్నారు అన్నాను. బంగళాలోకి కొత్త ఆఫీసరు దిగాడట. తల్లీ బిడ్డా నది సముద్రంలో కలిసేచోట మెరియం పుట్టింటికి వెళ్లిపోయారట. వాళ్లు బెస్తవాళ్లట.

నవ్వొచ్చింది నాకు. రోడ్డు మీద, ఎదురుగాలిలో, ఏడుస్తూ నవ్వాను. ఆ అబ్బాయి కంగారుపడ్డాడు.

ఆగస్టులో తిరిగి వెళుతున్నాడట. ఏదైనా ఇస్తే తన చేత్తోనే అందిస్తానన్నాడు. బస్సు కదిలాక కూడా కిటికీలోంచి టోపీ చేత్తో పట్టుకునే ఉన్నాడు.

ఇంటికొచ్చి తడి చేత్తో గుమ్మం మీద ఆ ఎత్తున అద్దాను. అది ఆరిపోయేలోగా బొగ్గుతో గీత గీశాను.

ఏప్రిల్ 24

ఇప్పుడు తెలిసింది. పోయిన సెలవులో బెల్లా మనవరాలికి నేను జడ వేస్తుంటే పక్కన చేరి, అమ్మా నాకు నేర్పు, నాలుగుపాయల జడ, తాళ్లు పేనడానికి పనికొస్తుంది అన్నావు. నాలుగు రోజులు కూర్చుని నేర్చుకున్నావు. పిల్లకి నొప్పెట్టకుండా ఎలా అని అడిగావు.

తాడుకి నొప్పేంట్రా.

ఏప్రిల్ 30

మీ నాన్న పళ్లెం బయటికి పట్టుకెళ్లి ఒక్కడే తింటున్నాడు.

మే 6

దేశమంతా సమ్మె. బొగ్గు లేక స్టీమ్ బోట్లు కట్టేశారు. ఊళ్లో మగవాళ్లంతా రేవు గోడ మీదే. మీ నాన్నది తెరచాప బోటు, ఆయనకేం అడ్డు లేదు. పొద్దున్నే పోతాడు, చీకటి పడ్డాక వస్తాడు. బోలెడన్ని చేపలు తెస్తున్నాడు. ఒక్క మాట తేవడం లేదు.

గుమ్మం మీద గీత చూశాడు. చూసి దాని పక్కనుంచి దాటి వెళ్లాడు. తుడవలేదు. అదొక్కటే నాకు మిగిలిన ఆశ. ఈయన వద్దంటే ఆ పేరు ఈ ఇంట్లో పలకడానికి లేదు. ఈ ఇంట్లో పలకని పేరు ఈ ఊళ్లో లేనట్టే. అక్కడ మలయాలో ఎలాగూ ఎవరూ అనని మాట. మరి ఆ పిల్ల ఎవరి పిల్ల? ఎక్కడా కాదా?

మే 15

ఇవాళ బయటపడ్డాడు. వల పరిచి ఉంది, ఇద్దరం చెరో కొసా పట్టుకున్నాం.

నాకు చెప్పలేదే వాడు అన్నాడు. ఆ కుర్చీలో కూర్చుని, నా రొట్టె తిని, నా పొగాకు కాల్చి, చెప్పకుండా ఓడెక్కాడు. పెళ్లి లేకుండా పిల్ల. నల్లకోటాయనకి ఏం మొహం చూపించను? (పాస్టరుగారిని బోటు మనుషులెవరూ పాస్టరు అనరు, సముద్రానికి కోపమని.)

చెబితే ఏం చేసేవాడివి అన్నాను.

వల చూశాడు.

నేను చెప్పనా? దొరవారికి కుర్చీ తుడవండర్రా అనేవాడివి. వచ్చిన ప్రతిసారీ అన్నావు. వాడు ప్రతిసారీ నవ్వాడు. ఇంకేం చెబుతాడు నీకు?

అంత మాట నేను ఎప్పుడూ అనలేదు పీతపిల్లా. వల మధ్యలో ఒక చిరుగు ఉంది. ఆయన సూది తీసుకుని అది కుట్టాడు. కుట్టి, మళ్లీ విప్పి, మళ్లీ కుట్టాడు.

నా తాడు ఆడపిల్లకి ఇచ్చాడు అన్నాడు. కోపంగా కాదు. చెప్పి చూసుకున్నట్టు.

నీ తాడు కాదు. వాడికి బిడ్డ ఉంటే నీదెలా అవుతుంది అన్నాను.

మే 29

స్వెట్టర్ మొదలుపెట్టాను. మన రేవు స్వెట్టరే, నీలం ఉన్నిది, చిన్న కొలత. మీ నాన్న చాలాసేపు చూసి, అక్కడ పొయ్యి మీద ఉన్నట్టుంటుందని రాసేవాడు కదే, పిల్లని ఉడకబెడతావా అన్నాడు.

మొత్తం విప్పేశాను. పొరుగూరి కొట్టుకి నడిచి వెళ్లి తెల్ల నూలు గుడ్డ తెచ్చాను. దారంతా నాలో నేనే నవ్వుకున్నాను. పిల్ల అన్నాడు.

జూన్ 13, ఆదివారం

రాయాలి. అన్నీ రాయాలి, ఒక్క ముక్క పోకూడదు.

చర్చి అయ్యాక అందరూ రేవు గోడ దగ్గర నిలబడ్డారు. బొగ్గు సమ్మె వల్ల ఒక్క మగాడు కూడా తగ్గలేదు. పాస్టరుగారు కూడా ఉన్నారు. బెల్లా డూగల్‌ని చొక్కా పట్టుకుని మా ముందుకి లాక్కొచ్చింది. వాడికి ఇష్టం లేదు పాపం, చెవులు ఎర్రగా. అందరి ముందూ అయితే మీ నాన్న కాదనలేడని దాని ఎత్తు.

బావగారూ, వయసు మీద పడుతోంది, పెద్దలంతా ఉన్నారు, మీ తల తాడు మా వాడికని ఒక్క మాట అనేయండి, అందరికీ మనశ్శాంతి అంది.

మీ నాన్న వాడి భుజం తట్టాడు. డూగల్, నువ్వు మంచోడివిరా, నీకు మూడో తాడు ఇస్తాను అన్నాడు. తరవాత పైపు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆయన జేబులో పైపు పెట్టుకోవడం మా పెళ్లినాడు చూశాను, మళ్లీ ఇవాళే.

తల తాడుకి మనిషి ఉంది అన్నాడు.

ఎవరు బావగారూ, సముద్రంలోంచి వస్తాడా అంది బెల్లా. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

సముద్రం అవతలి నుంచి అన్నాడు. నా కొడుకు కూతురు. మెలోర్ ఫిండ్లే. వాడికి తల దగ్గర తాడు పట్టింది అదే. ఏడేళ్ల పిల్ల, అందరూ వదిలేశాక కూడా వదల్లేదు. మీలో ఎవడు పట్టాడ్రా అంతసేపు?

ఒక్కడూ కదల్లేదు. గోడ మీద కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే. పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. మీ నాన్న ఆయన వైపు తిరిగి, అయ్యా, మీరు చెప్పాలనుకున్నది ఇంటికి రండి, టీ తాగుతూ చెబుదురుగాని, ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది అన్నాడు.

మొదట కదిలింది వాటీ పెళ్లాం. కర్ర ఊతంతో వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఎవరి పోలిక అంది.

తెలియదు అన్నాను. ఇంకా చూడలేదు.

బెల్లా నోరు మూసుకుని నిలబడింది, నా పెళ్లయినప్పటి నుంచి మొదటిసారి. ఇంటికి వెళ్లే దారిలో వెనకనుంచి పరుగెత్తుకొచ్చింది. అక్కా, పిల్లకి పాతికదాకా లెక్కపెట్టే పూసల దండ మా మనవరాలిది ఉంది, పంపుతావా అంది. ఏడుస్తోంది కూడా. తిట్టబోయి ఊరుకున్నాను.

ఇంట్లో మీ నాన్న కోటు విప్పలేదు. కత్తి తీసి గుమ్మం దగ్గర కూర్చున్నాడు. నా బొగ్గుగీత మీద కత్తితో చెక్కుతాడేమో అనుకున్నాను. దానికి వేలెడు పైన చెక్కాడు. నవంబరు నాటి ఎత్తు కదే అది, ఈపాటికి ఇంతయి ఉంటుంది అన్నాడు.

తరవాత నావైపు చూడకుండా అన్నాడు. ఆ పిల్ల ఇక్కడికి వచ్చి అందుకునేలోగా నేను పోతే, తల తాడు నువ్వు పట్టు.

ఆడవాళ్లు వెళ్లరు కదయ్యా అన్నాను.

ఒకతె వెళ్లింది కదా అన్నాడు.

జూన్ 14

మెలోర్, పీతపిల్లా,

నాయనమ్మని. గౌను కుట్టడం అయిపోయింది, చేతులు పొడుగ్గానే పెట్టాను. తాతయ్య తాడు పేనుతున్నాడు, నీ పిడికిట్లో ఇమిడేంత సన్నంగా. నీ కోసం దాచి ఉంచుతాడు. నీకు తొందర లేదు.

వేళకి అన్నం తిను, తల్లీ. కడుపునిండా తిను.